ప్లేటు ఎక్కే ముందు



పెళ్లి శుభలేఖలు అచ్చయి ఇంటికొచ్చాయి. మూలలకు పసుపు పెట్టి మొదటిది దేవుడి దగ్గర ఉంచుదామని పెళ్లికూతురి తల్లి కట్ట విప్పింది. వారం కింద కంప్యూటర్ తెర మీద ఇంటిల్లిపాదీ మెచ్చుకున్న కార్డే అది. చేతికొచ్చింది మాత్రం వేరేలా ఉంది. నెమలికంఠం నీలం వంకాయ రంగులోకి దిగింది. పసుపు మీద సన్నటి పాచి పరుచుకున్నట్టుంది. అన్నిటికన్నా అడుగున, బంధుమిత్రుల పేర్లున్న వరసలో, అక్షరాల కింది ఒత్తులు కత్తిరింపులో పోయాయి. తప్పు ప్రెస్సు వాళ్లదేనని ఇంట్లో అందరూ అన్నారు. ప్రెస్సులో మెషిన్ సరిగ్గానే తిరిగింది. కాగితం మంచిదే, సిరా మంచిదే. ఫైల్లో ఉన్నది ఉన్నట్టే అచ్చయింది.

శుభలేఖ కావచ్చు, సొంత ఖర్చుతో వేసుకునే కవితా సంపుటి కావచ్చు, కొట్టు క్యాలెండర్ కావచ్చు. అచ్చుకు వెళ్లే ఫైలు తయారు చేయడం ఒక పని, బొమ్మ అందంగా గీయడం మరో పని. రెండోది వచ్చినవాళ్లు ఊరికి పదిమంది దొరుకుతారు. మొదటిది నేర్చుకున్నవాళ్లు తక్కువ. అది చెప్పే బడులూ తక్కువే. చాలామంది డీటీపీ ఆపరేటర్లు ప్రెస్సులో చీవాట్లు తింటూ నేర్చుకున్నారు. వాళ్ల దగ్గరున్న ఆ తెలివిడి విలువైంది.

ముందు రంగు సంగతి. తెర వెలుగునిస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు వెలుగుల్ని కలిపి మిగతా రంగులన్నీ చూపిస్తుంది. దాన్నే ఆర్‌జీబీ అంటారు. కాగితానికి సొంత వెలుగు లేదు. గదిలో పడ్డ వెలుగులో కొంత మింగి, మిగిలింది కంటికి పంపుతుంది. అందుకే ఆఫ్‌సెట్ మెషిన్‌లో సిరాలు వేరు: సయాన్ అనే లేత నీలం, మజెంటా అనే గులాబి, పసుపు, నలుపు. మల్టీకలర్ అని జనం పిలిచే అచ్చంతా ఈ నాలుగు సిరాల చుక్కలే. వీటి పేరే సీఎంవైకే. తెర చూపించగలిగే కొన్ని వెలుగులు ఈ నాలుగు సిరాలకూ అందవు. మెరిసే చిలకాకుపచ్చ, నియాన్ గులాబి, కళ్లు చెదిరే నీలం అలాంటివే.

పైన చెప్పిన నెమలికంఠానికి జరిగింది ఇదే. తెర మీది నిండు నీలాన్ని అలాగే సిరాల్లోకి మారిస్తే సయాన్, మజెంటా రెండూ బాగా ఎక్కుతాయి. మజెంటా సయాన్‌కు దగ్గర పడేకొద్దీ నీలం ఊదాలోకి జారుతుంది. చేయి తిరిగిన ఆపరేటర్ మజెంటాను సయాన్ కంటే కనీసం 30 శాతం కిందే ఉంచుతాడు. పసుపుది మరీ సున్నితమైన వ్యవహారం. పసుపు సిరా 100 ఉండి, మజెంటా 15, 20 దాకా కలిస్తే పసుపుకొమ్ము దంచిన రంగొస్తుంది. అందులో 5 శాతం సయాన్ చొరబడితే చాలు, ఆ ఛాయ కాస్తా పచ్చబారి చల్లబడుతుంది. శుభలేఖకు ప్రాణం పసుపు, కుంకుమలే. ఆ రెండు రంగుల అంకెలు చూసుకోకుండా ఫైలు పంపడం పెళ్లివారికి అన్యాయం చేయడమే. కుంకుమకైతే మజెంటా, పసుపు రెండూ నిండుగా వేస్తే చాలు, మరో సిరా అక్కర్లేదు.

నలుపు అందరికీ తేలిగ్గా కనిపిస్తుంది కానీ ఎక్కువ పుస్తకాలు పాడయ్యేది అక్కడే. వర్డ్ ఫైల్లోంచి తెచ్చి అతికించిన అక్షరాల నలుపు చాలాసార్లు ఆర్‌జీబీ నలుపు. సీఎంవైకేలోకి మార్చగానే అది నాలుగు సిరాలుగా చీలిపోతుంది. సిరాకు ఒకటి చొప్పున ఉండే నాలుగు ప్లేట్లు వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకదాని మీద ఒకటి కూర్చుంటేనే ఆ అక్షరం నల్లగా నిలుస్తుంది. మెషిన్ గంటకు వేల కాగితాలు లాగుతున్నప్పుడు ఆ వెంట్రుకవాసి తేడా రాకుండా ఉండదు. భూతద్దం పెట్టి చూస్తే విషయం తెలుస్తుంది: 'శ్రీ' గుడి దీర్ఘం పైన గులాబి అంచు, కింద నీలపు అంచు, నడుమ బూడిద రంగు. భూతద్దం లేకుండా చదివేవాడికి కారణం తెలియదు, కళ్లు మాత్రం లాగుతాయి. చదివే అక్షరాలు నల్ల సిరా ఒక్కదానితోనే, 100 శాతంతో ఉండాలి. పెద్ద నల్లటి అట్టకైతే నల్ల సిరా ఒక్కటే వెలవెలబోతుంది, కింద కొంత సయాన్ వేయడం మంచిది. అయితే ఎక్కడైనా నాలుగు సిరాల మొత్తం ఆర్ట్ పేపర్ మీద 300 శాతం చుట్టుపక్కలే ఆగాలి. న్యూస్‌ప్రింట్ అయితే 240. దాటితే సిరా ఆరదు. ఒక కాగితం సిరా మరో కాగితం వెనక అంటుకుంటుంది.

తెల్ల అక్షరం కూడా మోసం చేస్తుంది. నల్ల అక్షరాలకు ఓవర్‌ప్రింట్ పెట్టడం మంచి అలవాటు. కింది రంగు మీద నేరుగా పడతాయి కాబట్టి చుట్టూ తెల్లగీత కనిపించదు. ఆ అక్షరాలనే తర్వాత తెలుపులోకి మార్చి, ఓవర్‌ప్రింట్ తీసేయడం మరిచిపోతే అవి అచ్చులో మాయమవుతాయి. తెలుపుకు సిరా లేదు కదా, కింది రంగే పైకి కనిపిస్తుంది. తెర మీద నిక్షేపంగా కనిపించిన పుస్తకం పేరు అట్ట మీద లేకుండా పోతుంది.

ఇక ఫోటోలు. 300 డీపీఐ ఉండాలన్న మాట ఊరూరా వినిపిస్తుంది. ఎందుకో చెప్పేవాళ్లు తక్కువ. ఆర్ట్ పేపర్ మీద అచ్చు చుక్కలు మామూలుగా అంగుళానికి 150 వరసల చొప్పున పడతాయి. ఒక్కో చుక్క సైజు సరిగ్గా కట్టాలంటే ఫోటోలో దానికి రెట్టింపు వివరం కావాలి. 300 అన్న అంకె అలా వచ్చింది. నాలుగు సిరాల చుక్కలూ ఒకే దిక్కున పడవు. సయాన్ 15 డిగ్రీలు, నలుపు 45, మజెంటా 75, పసుపు సున్నా. అలా తిప్పి వేస్తే కంటికి సన్నటి రోజాపూల అల్లికలా కలిసిపోతాయి.

ఒక ఇంటి కథ చూద్దాం. ఇలాంటివి ప్రతి ప్రెస్సుకూ వస్తూనే ఉంటాయి. తాతగారు పోయిన ఏడాదికి పిల్లలు ఒక స్మారక సంచిక వేస్తున్నారు. అట్ట నిండా ఆయన ఫోటో ఉండాలి. డెమ్మీ ఎనిమిదో వంతు సైజు, అంటే అయిదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదున్నర ఎత్తు. కత్తిరింపు కోసం వదిలే అంచులతో కలిపి ఎత్తు సుమారు 222 మిల్లీమీటర్లు. ఆ ఎత్తుకు 300 చొప్పున దాదాపు 2,620 పిక్సెళ్లు కావాలి. అమెరికాలో ఉన్న మనవడు తన ఫోన్‌తో తీసిన ఫోటో 4,000 పిక్సెళ్లది, బ్రహ్మాండంగా సరిపోతుంది. కానీ దాన్ని వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపాడు. దారిలో అది కుంచించుకుపోయి 1,600 దగ్గరకొచ్చింది. లెక్క వేస్తే అంగుళానికి 183. తాతగారి కళ్లజోడు వెనక ఉన్న చూపు, గడ్డం మీది తెల్ల వెంట్రుకలు, అన్నీ కలిసి ముద్దయిపోతాయి. అదే ఫోటోను డాక్యుమెంట్‌గా పంపి ఉంటే ఒక్క పిక్సెల్ కూడా పోయేది కాదు. ఫోటోషాప్‌లో ఆ 183ను 300గా దిద్దుకోవచ్చు, అంకె మారుతుంది. పోయిన చూపు తిరిగి రాదు.

గోడ మీద పటం కట్టిన పాత ఫోటో ఒక్కటే మిగిలితే దాన్ని అద్దం మీంచి సెల్‌ఫోన్‌తో తీయకూడదు. పటం విప్పి, ఫోటో అద్దానికి అంటుకుపోలేదని చూసుకుని, స్కానర్ మీద 600 దగ్గర స్కాన్ చేయించాలి. చిన్న ఫోటోను పెద్దది చేయాల్సి వస్తే ఇంకా ఎక్కువే పెట్టాలి. ఆ ఇంటికి అదొక్కటే ఆధారమైనప్పుడు ఇంత శ్రమా తక్కువే.

గీత బొమ్మల లెక్క వేరు. బాపు బొమ్మలాంటి గీతను ఫోటోలా 300 దగ్గర స్కాన్ చేస్తే గీత అంచులు మెట్లు మెట్లుగా తేలుతాయి, లేదా బూడిద రంగులో మసకబారతాయి. గీతలో ఉన్న వంపు పోతే బాపు బొమ్మలో ఇంకేం మిగలదు. గీత బొమ్మను నలుపు, తెలుపు రెండే ఉండే బిట్‌మ్యాప్ పద్ధతిలో 1,200 దగ్గర స్కాన్ చేయాలి. అప్పుడు చుక్కలు లేకుండా గీత గీతలాగే ప్లేటు ఎక్కుతుంది.

అచ్చయిన బొమ్మను మళ్లీ అచ్చు వేయాల్సి రావడం మరో చిక్కు. వడ్డాది పాపయ్య వేసిన చందమామ ముఖచిత్రాన్ని ఒక ప్రత్యేక సంచికలో, హక్కుదారుల అనుమతితోనే, వేయాలనుకుందాం. అసలు పెయింటింగ్ దొరకదు. దొరికేది పాత సంచిక. దాని మీద బొమ్మ అప్పటికే చుక్కలై ఉంది. ఆ చుక్కల మీద కొత్త చుక్కలు పడితే గళ్ల చీరలో గళ్లు కదిలినట్టు అలలు లేస్తాయి. మోయిరే అంటారు. స్కానర్‌లో ఆ పాత చుక్కల్ని చెరిపే డీస్క్రీన్ ఉంటే వాడాలి. లేకపోతే ఎక్కువ రిజల్యూషన్‌లో స్కాన్ చేసి, కాస్త మసకబార్చి, ఆ తర్వాత కిందికి దించాలి. ఫ్లెక్సీకి మాత్రం ఈ బాధలేవీ లేవు. నాలుగు రోడ్ల కూడలిలో ఇరవై అడుగుల ఫ్లెక్సీని దూరం నుంచి చూస్తారు, అంగుళానికి 72 ఉన్నా సరిపోతుంది. దానికీ 300 పెట్టి కంప్యూటర్‌ను కూలదోయడం దండగ.

ఇప్పుడు తెలుగు అక్షరం. ఇంగ్లీషు ఫైలు తయారు చేసేవాళ్లకు తెలియని కష్టం తెలుగువాళ్లకు ఉంది. 1746లో జర్మనీలోని హాలే పట్నంలో బెంజమిన్ షుల్జ్ తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగు వినపడని ఊళ్లో తెలుగు అచ్చు అన్నమాట. ఇవాళ కూడా ఎన్నో తెలుగు క్యాలెండర్లు, డైరీలు తమిళనాడులోని శివకాశిలో అచ్చవుతున్నాయి. అక్కడి పనివాళ్లు చేతిపని బాగా ఎరిగినవాళ్లు. తెలుగు చదవాల్సిన అవసరం మాత్రం వాళ్లకు లేదు. ఫైల్లో ఒత్తు విడిపోయి పక్కకు జరిగితే, 'ఇదేదో తేడాగా ఉందే' అని ఆపేవాళ్లు అక్కడ ఉండకపోవచ్చు. అందుకే ఆ జాగ్రత్త ఫైలు ఇల్లు దాటకముందే పూర్తవ్వాలి.

పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొన్ని వేల తెలుగు పుస్తకాలు వచ్చాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0, వచ్చింది 2001లో. అప్పుడు నేర్చుకున్న చేతులు ఇప్పటికీ దాని మీదే వేగంగా నడుస్తున్నాయి. అను పద్ధతిలో కంప్యూటర్‌కు తెలుగు తెలియదు. ఇంగ్లీషు అక్షరాల గూళ్లలో తలకట్లు, గుడులు, కొమ్ములు, ఒత్తులు ముక్కలుగా పెట్టి ఉంటాయి. ఆపరేటర్ ముక్కకు ముక్క అతికిస్తే 'క' అవుతుంది, 'కీ' అవుతుంది. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే పుస్తకమంతా అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గోలగా కనిపిస్తుంది.

ప్రతి అక్షరానికీ సొంత సంకేతం ఉండే యూనికోడ్‌లో ఆ బాధ లేదు. 1991లో వచ్చిన తొలి వెర్షన్‌లోనే తెలుగుకు చోటుంది. రామభద్ర, మండలి, సురన్న, గురజాడ లాంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. అయితే రచయిత ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో యూనికోడ్‌లో టైపు చేసి ఇస్తాడు. ప్రెస్సులో దాన్ని అనులోకి మారుస్తారు. ఆ మార్పిడిలోనే మాటలు దెబ్బతింటాయి. పెళ్లికొడుకు పేరు రాజ్‌కుమార్ అనుకుందాం. అందులో 'జ' పొల్లుగా నిలబడి, దాని పక్కన 'కు' విడిగా రావాలి. ఆ రెంటినీ విడదీసి ఉంచేది కంటికి కనపడని ఒక గుర్తు. మార్పిడిలో ఆ గుర్తు జారిపోయిందా, 'జు' కింద 'క' ఒత్తు వచ్చి చేరుతుంది. ఫేస్‌బుక్‌లో 'స'కు 'బ' ఒత్తు పడుతుంది, సాఫ్ట్‌వేర్‌లో 'ట' కింద ఇంకో ఒత్తు వేలాడుతుంది. పెళ్లికొడుకు పేరు తప్పు పడ్డ శుభలేఖను పంచడానికి ఏ తండ్రికీ చేతులు రావు.

పేజీలు కూర్చే మరో సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ వాడేవాళ్లకు మార్పిడి అక్కర్లేదు. 2012లో వచ్చిన సీఎస్6 నుంచి అది తెలుగును అర్థం చేసుకుంటోంది. కానీ పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ కంపోజర్ అన్నదాన్ని ఎంచుకోవాలి. లేకపోతే 'స్త్రీ' అని కొడితే 'స', 'త' పొల్లులు మోసుకుంటూ 'రీ' పక్కన వరసగా నిలబడతాయి. చాలామంది ఇన్‌డిజైన్‌లో తెలుగు రాదని పేజ్‌మేకర్‌కు తిరిగి వెళ్లిపోయింది ఈ ఒక్క సెట్టింగు తెలియకే.

వరసల మధ్య ఖాళీ కూడా తెలుగుకు తెలుగు లెక్కలోనే ఇవ్వాలి. ఇంగ్లీషుకు 12 పాయింట్ల అక్షరానికి 14 పాయింట్ల వరస చాలు. తెలుగులో పైన గుడి దీర్ఘం, కింద ఒత్తు మీద ఒత్తు. 'రాష్ట్రం' అన్న ఒక్క మాట చాలు, కింది వరసలోని 'కీ' తలను గుద్దడానికి. 17, 18 పాయింట్లు ఇస్తే అక్షరాలు ఊపిరి పీల్చుకుంటాయి. పేజీలు పెరుగుతాయి, నిజమే. చదివేవాళ్లలో పెద్దవాళ్లు ఎంతమందో గుర్తుంటే ఆ ఖర్చుకు వెనకాడరు.

పుస్తకం కొలతల దగ్గర ఒక్క మిల్లీమీటరుకూ విలువుంటుంది. కటింగ్ మెషిన్ బ్లేడు ఒకేసారి వందల కాగితాల కట్టను కోస్తుంది. కట్ట అడుగున ఉన్న కాగితం పిసరంత జరగొచ్చు. అంచుదాకా రంగున్న ప్రతి బొమ్మకూ నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు అదనంగా వదలాలని చెప్పేది అందుకే. దీన్నే బ్లీడ్ అంటారు. లేకపోతే అంచున తెల్ల గీత తేలుతుంది. అక్షరాలు మాత్రం అంచుకు 5 మిల్లీమీటర్లయినా లోపలే ఉండాలి. ఆ శుభలేఖలో ఒత్తులు తెగింది ఈ ఖాళీ లేకే.

పుస్తకం వీపు మందం ఊహించి వేయకూడదు. 200 పేజీలంటే 100 కాగితాలు. 80 జీఎస్‌ఎం మాప్లిథో కాగితం ఒక్కోటి పదో వంతు మిల్లీమీటరు చుట్టూ ఉంటే వీపు 10 మిల్లీమీటర్లు. డెమ్మీ అట్ట ముందు 140, వెనక 140, నడుమ 10, రెండు పక్కలా బ్లీడ్ 6 కలిపి మొత్తం 296 మిల్లీమీటర్ల వెడల్పు. కంపెనీ మారితే కాగితం మందం మారుతుంది. ప్రెస్సుకు వెళ్లి, వేయబోయే కాగితంతోనే ఒక డమ్మీ కట్టించి, స్కేలు పెట్టి కొలిచి, ఆ తర్వాతే అట్ట ఫైలు ముగించాలి. పేజీలు 16ల లెక్కలో ఫారాలుగా అచ్చవుతాయి. 160 పేజీల్లో ఆగాల్సిన పుస్తకం 164కు పాకితే ఆ నాలుగు పేజీల కోసం మళ్లీ ప్లేట్లు, మళ్లీ మెషిన్. సొంత డబ్బుతో 500 కాపీలు వేసుకునే రచయితకు ఇది బరువే. నాలుగు పేజీలు కుదించే చోటు ఎక్కడో ఒకచోట ఉంటుంది.

వెనక అట్ట మీద ఐఎస్‌బీఎన్ బార్‌కోడ్ నల్ల సిరా ఒక్కదానితో, తెల్లటి గడిలో ఉండాలి. అట్ట రంగుకు నప్పుతుందని ఎర్రగీతలు పెడితే ఎర్ర వెలుగుతో చదివే స్కానర్‌కు ఆ గీతలు తెల్లగానే కనిపిస్తాయి. పుస్తకాల షాపులో బిల్లు పడదు.

అంతా అయ్యాక పీడీఎఫ్. ఇందులోనూ అచ్చుకోసం పెట్టిన ప్రమాణం ఉంది, పీడీఎఫ్ ఎక్స్-1ఏ. అందులో ఫాంట్లు ఫైలు లోపలే ఉంటాయి, ఆర్‌జీబీ రంగులు ఉండవు. కోరెల్‌డ్రాలో చేసే శుభలేఖలకైతే అక్షరాల్ని కర్వ్స్‌లోకి మార్చి పంపుతారు. అప్పుడు అవి అక్షరాలు కావు, బొమ్మలు. ఫాంటు లేదన్న పేచీ రాదు, కానీ దిద్దడానికీ వీలుండదు. కాబట్టి ప్రూఫు చూడటం పూర్తయ్యాకే కర్వ్స్. దిద్దుకోగలిగే అసలు ఫైలు వేరే పేరుతో దాచుకోవాలి. పీడీఎఫ్ తయారయ్యాక ఇంకోసారి, ఈసారి కాగితం మీద ప్రింటు తీసి, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా కళ్లు పెట్టాలి. మార్పిడిలో పోయిన పొల్లులు ఆ ఆఖరి చూపులోనే దొరుకుతాయి. ఇంటికి సంబంధం లేని మరో మనిషి చదివితే ఇంకా మంచిది. సొంతవాళ్లు తప్పును కూడా ఒప్పుగానే చదివేస్తారు.

తాతగారి స్మారక సంచిక అట్ట ప్లేట్లు మెషిన్ ఎక్కాయి. మనవడు అంతకుముందే అర్ధరాత్రి లేచి ఫోటోను డాక్యుమెంట్‌గా మళ్లీ పంపాడు. మొదటి యాభై కాగితాలు రిజిస్టర్, అంటే నాలుగు రంగులూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవడం, సరిచూడటానికే పోతాయి. మెషిన్ మనిషి ఒక కాగితం లాగి బల్ల మీద పరిచి, మూలలో ఉన్న ప్లస్ గుర్తు మీద చిన్న భూతద్దం పెట్టాడు. నాలుగు రంగుల గీతలూ ఒకే గీతగా కలిసే దాకా రెండుసార్లు మీట తిప్పాడు. తాతగారి కొడుకును పిలిచి కాగితం చూపించాడు. ఆయన రంగు చూడలేదు, రిజిస్టర్ చూడలేదు. కళ్లజోడు వెనక నాన్న చూపు కనిపిస్తోందా అని చూశాడు. కాగితం మూల మీద సంతకం పెట్టి తేదీ వేశాడు. మెషిన్ వేగం అందుకుంది.